డాట్ ప్రాంప్ట్ నాటి కథ: డీబేస్ మొదలు ఫాక్స్‌ప్రో దాకా

మన సభ్యులలో 1985 – 2000 మధ్య కాలంలో పే బిల్లు, జి.పి.ఎఫ్., ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లలో పనిచేసిన వారికి, నల్లని తెర మీద క్రింది అంచున ఎడమ ప్రక్కగా కనిపించే ఒక చుక్క గుర్తుండే ఉంటుంది. దాని ప్రక్కన కర్సర్ మినుకుమినుకుమంటూ మన ఆజ్ఞ కోసం కాచుకొని ఉండేది. దానినే డాట్ ప్రాంప్ట్ అనేవారు. డీబేస్, ఫాక్స్‌బేస్, క్లిప్పర్, ఫాక్స్‌ప్రో అనే పేర్లు అప్పట్లో ఆఫీసులలో బాగా నలిగినవే. మన మనుమలకు ఈ పేర్లు తెలియవు. కాని మనలో చాలామంది మూలవేతనం, ఇంక్రిమెంటు తేదీ, నామినీ పేరు మొట్టమొదటిసారి రిజిస్టరు దాటి కంప్యూటర్‌లోకి వెళ్ళినది వీటి ద్వారానే. ఈ పేర్లే ఎందుకు నిలిచాయి, చిన్న యంత్రాల మీద ఏది వాడాలన్నది ఎలా తేల్చుకునేవారు అన్నది మన ప్రత్యేక సంచికలో రికార్డు చేయదగిన విషయమని నా అభిప్రాయం.

ముందుగా ఆ యంత్రం ఎంత చిన్నదో చెప్పాలి. ఐ.బి.ఎం. వారి పి.సి. 1981 ఆగస్టులో, పి.సి. ఎక్స్‌టి 1983 మార్చిలో వచ్చాయి. ఎక్స్‌టి వేగం 4.77 మెగాహెర్ట్‌జ్, హార్డ్ డిస్కు 10 ఎం.బి. డాస్ క్రింద ప్రోగ్రాములకు దొరికే జ్ఞాపకశక్తి మొత్తం మీద 640 కె.బి. దాటదు. ఈనాడు మన చేతిలోని ఫోను తీసే ఒక్క ఫొటో కూడా మామూలుగా అందులో పట్టదు. అటువంటి యంత్రం మీద 5,000 మంది ఉద్యోగుల వివరాలు, మనిషికి 400 అక్షరాల చొప్పున ఎక్కించాలంటే 20 లక్షల అక్షరాలు అవుతాయి. 360 కె.బి. ఫ్లాపీల మీద కాపీ తీయాలంటే ఆరు ఫ్లాపీలు కావాలి.

అప్పుడు మన ముందున్న దారులు మూడు, నాలుగే. కోబాల్‌లో వ్రాయవచ్చు. పెద్ద కంప్యూటర్ల మీద పనిచేసిన వారికి అది అలవాటే. కాని చిన్న జాబితా అచ్చు వేయాలన్నా నాలుగు డివిజన్లు వరుసగా వ్రాసుకుంటూ రావాలి. బేసిక్‌లో వ్రాయవచ్చు, కాని ఫైలును మోయడం, వెదకడం వంటి పనులన్నీ మనమే వ్రాసుకోవాలి. లోటస్ 1-2-3 చూడడానికి ముచ్చటగా ఉండేది గాని, అది షీటు మొత్తాన్ని మెమొరీలో పెట్టుకొని పనిచేస్తుంది. మొదటి వెర్షన్లలో 2,048 వరుసలు, రెండవ వెర్షన్‌లో 8,192 వరుసలు దాని హద్దు. ఆ హద్దు చేరకముందే మెమొరీ నిండుకునేది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పద్ధతి వేరు. జాబితా అంతా డిస్కు మీదే ఉంటుంది, కావలసిన రికార్డు మాత్రమే మెమొరీలోకి వస్తుంది. బీరువాలోని ఫైళ్ళన్నీ టేబుల్ మీద పరచకుండా, అడిగిన ఫైలొక్కటే తెప్పించుకున్నట్లు. పేదవాడి యంత్రానికి సరిపడిన పద్ధతి అదే.

డీబేస్ పుట్టుక కథ చిత్రమైనది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం పాసడీనాలో జెట్ ప్రొపల్షన్ లాబరేటరీ అని అంతరిక్ష పరిశోధన సంస్థ ఉన్నది. అక్కడ పెద్ద యూనివాక్ కంప్యూటర్ మీద నడిచే జె.పి.ఎల్.డి.ఐ.ఎస్. అనే డేటా నిర్వహణ ప్రోగ్రామును జెబ్ లాంగ్ అనే ఆయన అభివృద్ధి చేశారు. అదే చోట పనిచేస్తున్న వేన్ రాట్లిఫ్ 1978లో తన ఇంట్లోని కిట్ కంప్యూటర్ మీద అటువంటిదే చిన్నది వ్రాయడం మొదలుపెట్టారు. దేనికయ్యా అంటే, ఆఫీసులో మిత్రులు వేసుకునే ఫుట్‌బాల్ పందాలలో గెలవడానికి పాత ఆటల లెక్కలు వెదకాలట! ఒక టి.వి. ధారావాహికలోని పాత్రను తలుచుకొని దానికి వల్కన్ అని పేరు పెట్టారు. తానే అమ్మాలని చూశారు గాని ఒంటరిగా సాగలేదు. అప్పుడు జార్జి టేట్, హాల్ లాష్లీ అనే ఇద్దరు వ్యాపారులు అమ్మకపు హక్కులు తీసుకొని, పేరు డీబేస్ టూ అని మార్చారు. డీబేస్ వన్ అనేది ఎన్నడూ లేదు. రెండవదంటే దిద్దితీర్చినదని కొనేవారు నమ్ముతారని ఆ ఎత్తు. కంపెనీకి ఆష్టన్-టేట్ అని పేరు. అందులో టేట్ ఉన్నారు గాని ఆష్టన్ అనే మనిషి లేరు. వ్యాపారమంటే అట్లాగే ఉంటుంది మరి.

డీబేస్ టూలో ఒక ఫైలుకు 65,535 రికార్డులు, రికార్డుకు 32 గడులు మాత్రమే. 1984లో వచ్చిన డీబేస్ త్రీలో గడులు 128 అయ్యాయి, తేదీకి ప్రత్యేకమైన గడి వచ్చింది. 1985 చివర వచ్చిన డీబేస్ త్రీ ప్లస్‌తోనే మన ఆఫీసులలో చాలామందికి అక్షరాభ్యాసం జరిగింది. దాని ధర అమెరికాలో 695 డాలర్లు. అప్పటి మారకం లెక్కన ఎనిమిది వేల రూపాయలు దాటేది, సుంకాలు వేరు. అంత పెట్టి కొన్న ఆఫీసులు కొద్ది. ఫ్లాపీ నుండి ఫ్లాపీకి కాపీ అయి ఊరూరా తిరిగినవే ఎక్కువ అన్నది దాచితే దాగే విషయం కాదు.

దాని బలం భాషలో ఉన్నది. డి.ఎ. సంవత్సరానికి రెండుసార్లు మారుతుందని మనకు చెప్పనక్కరలేదు గదా. ఉత్తర్వు రాగానే "రీప్లేస్ ఆల్ డీఏ విత్ బేసిక్" అని, ప్రక్కన శాతం గుణించి, ఒక్క వాక్యం కొడితే ఫైలులోని అయిదు వేల మందికి క్రొత్త డి.ఎ. పడిపోయేది. "లిస్ట్" అంటే జాబితా, "ఫర్" అంటే ఎవరికి అన్న షరతు. ప్రోగ్రామింగ్ చదవని యు.డి.సి. కూడా వారం రోజులలో పట్టుకోగల భాష అది. కోబాల్ అయితే ప్రోగ్రామర్ కోసం, కంపైలింగ్ కోసం ఎదురు చూడాలి. ఆర్డరు చేతికి వచ్చిన రోజుననే సెక్షన్‌లో కూర్చున్న మనిషే మార్పు చేసుకోగలగడం అన్నది వేగం కన్నా పెద్ద సదుపాయమని ఆనాడు మేమందరం అనుకునేవాళ్ళం. ఈనాటికీ నేను అదే అంటాను.

అయితే డీబేస్ నిదానం. ప్రోగ్రాములోని ప్రతి వాక్యాన్ని ఎప్పటికప్పుడు చదివి, అర్థం చేసుకొని, చేసేది. వెయ్యిసార్లు తిరిగే చక్రంలో ఒక వాక్యం ఉంటే వెయ్యిసార్లూ అర్థం చేసుకోవలసిందే. వెదకడంలో మాత్రం ఇండెక్స్ ఆదుకునేది. "లొకేట్" అంటే మొదటి రికార్డు నుండి ఒక్కొక్కటే చూసుకుంటూ పోతుంది. "ఇండెక్స్" కట్టి "సీక్" అంటే, నిఘంటువులో అక్షరం పట్టుకొని పుట తిప్పినట్లు, అయిదు వేల మందిలో ఒకరి కోసం డిస్కును మూడు, నాలుగు సార్లు తడిమితే చాలు. నెలాఖరున బిల్లు తిరగడానికి పట్టే సమయంలో రాత్రికి, భోజన విరామానికి ఉన్నంత తేడా ఇండెక్స్ వలన వచ్చేది.

ఈ నిదానాన్ని ఆసరా చేసుకొని ఇద్దరు పోటీదారులు బయలుదేరారు. నాంటకెట్ అనే కంపెనీ 1985లో క్లిప్పర్ తెచ్చింది. ఇది డీబేస్ భాషలో వ్రాసిన ప్రోగ్రామును కంపైల్ చేసి, తనంత తానే నడిచే ఫైలుగా మారుస్తుంది. ఆ ఫైలును ఎన్ని ఆఫీసులకైనా ఇవ్వవచ్చు, అక్కడ డీబేస్ ఉండనక్కరలేదు. జిల్లా ఆఫీసులన్నిటికీ ఒకే ప్రోగ్రాము పంపవలసిన శాఖలకు ఇది వరమైంది. 1987 నాటి సమ్మర్ వెర్షన్‌ను పదేళ్ళ తరువాత కూడా వదలని వారిని నేను ఎరుగుదును. చిక్కు ఏమిటంటే డాట్ ప్రాంప్ట్ ఉండదు. చిన్న మార్పుకైనా మళ్ళీ కంపైల్ చేసి, లింక్ చేసి, కాచుకోవాలి.

రెండవది ఫాక్స్. ఒహాయో రాష్ట్రంలోని పెరిస్‌బర్గ్ అనే చిన్న ఊరు దీని స్థావరం. బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ ప్రొఫెసరుగా పనిచేసిన డేవ్ ఫుల్టన్ దీనికి మూలపురుషుడు. ఈయన వయొలిన్ విద్వాంసుడు కూడా. తరువాతి కాలంలో ఆర్జించిన డబ్బుతో స్ట్రాడివారి, గ్వార్నేరి వంటి మహాశిల్పులు చేసిన పాత వయొలిన్లను సేకరించి ప్రసిద్ధి పొందారు. 1984లో ఫాక్స్‌బేస్, తరువాత ఫాక్స్‌బేస్ ప్లస్ వచ్చాయి. డీబేస్ ప్రోగ్రామును ఏమీ మార్చకుండా తెచ్చి ఇందులో నడపవచ్చు, ఎన్నో రెట్లు వేగంగా నడుస్తుంది. ప్రోగ్రామును ఒకసారి చదివి కుదించిన సంకేతాలుగా మార్చి దాచుకోవడం ఇందులోని ఒక కిటుకు. ఫైలు అదే, భాష అదే, చుక్క కూడా అదే! నేర్చుకున్నది ఏదీ వృథా కాలేదు.

1989లో ఫాక్స్‌ప్రో, 1991లో ఫాక్స్‌ప్రో 2.0 వచ్చాయి. రెండవదానిలో రష్‌మోర్ అనే పద్ధతి పెట్టారు. గుంటూరు జిల్లాలో ఉంటూ ఫలానా సంవత్సరం తరువాత రిటైరైన వారు ఎవరని అడిగామనుకోండి. పాత పద్ధతిలో ప్రతి రికార్డునూ తెరచి చూడాలి. రష్‌మోర్ అయితే జిల్లా ఇండెక్స్ చూసి ఒక గుర్తుల పట్టిక, తేదీ ఇండెక్స్ చూసి మరొక పట్టిక తయారు చేసి, రెంటిలోనూ గుర్తు పడిన వారిని మాత్రమే డిస్కు నుండి తెస్తుంది. లక్షల రికార్డుల మీద కూడా జవాబు క్షణాలలో వచ్చేది. ఒక మెలిక ఉన్నది: ఇండెక్స్ ఏ రూపంలో కట్టామో ప్రశ్న సరిగ్గా అదే రూపంలో అడగాలి. పేరును పెద్ద అక్షరాలుగా మార్చి ఇండెక్స్ కట్టి, మార్చని పేరుతో అడిగితే రష్‌మోర్ పనిచేయదు. "ఫాక్స్‌ప్రో కూడా నిదానమే" అని సణిగిన వారి ప్రోగ్రాములు తెరిచి చూస్తే చాలావరకు ఇదే కనబడేది.

ఇక ఏ యంత్రానికి ఏది? ఆనాడు నన్ను ఎవరు అడిగినా చెప్పిన జవాబు ఇదే. 640 కె.బి.తో సరిపెట్టుకోవలసిన ఎక్స్‌టి, 286 యంత్రాలకు ఫాక్స్‌బేస్ ప్లస్. ప్రోగ్రాము స్థిరపడి పలుచోట్లకు పంపాలంటే క్లిప్పర్. 386 యంత్రం, నాలుగు ఎం.బి. మెమొరీ ఉంటేనే ఫాక్స్‌ప్రో 2, అందులోనూ ఆ ప్రాసెసర్ కోసం ప్రత్యేకంగా చేసిన ఎక్స్‌టెండెడ్ వెర్షన్. క్రొత్తది వచ్చింది గదా అని చిన్న యంత్రం మీద పెద్ద సాఫ్ట్‌వేర్ ఎక్కించిన చోట్ల, పాతదే నయమనిపించేది.

ఆష్టన్-టేట్ వారు మాత్రం 1988లో డీబేస్ ఫోర్ తెచ్చి చేతులు కాల్చుకున్నారు. మెమొరీ మింగేసేది, పైగా తప్పుల తడక. సరిచేసిన వెర్షన్ రావడానికి 1990 దాకా పట్టింది. ఈలోగా కొనేవారు ఫాక్స్ వైపు, క్లిప్పర్ వైపు నడిచారు. అదే 1988 నవంబరులో ఆ కంపెనీ ఫాక్స్ మీద దావా వేసింది. డీబేస్ భాష, తెర రూపం మావి, వాటిని వాడే హక్కు ఇతరులకు లేదు అన్నది వాదన. ఆలోచించండి, ఇది ఒక్క ఫాక్స్‌కు సంబంధించిన వ్యాజ్యం కాదు. లక్షలాది మంది ఆ భాషలో ప్రోగ్రాములు వ్రాసుకున్నారు. భాషకే యజమాని ఉంటే, మన పే బిల్లు ప్రోగ్రాము రేపు ఎవరి దయ మీద నడవాలి?

లాస్ ఏంజిలెస్‌లో న్యాయమూర్తి టెర్రీ హాటర్ 1990 డిసెంబరులో ఎవరూ ఊహించని తీర్పు ఇచ్చారు. డీబేస్‌కు మూలం జె.పి.ఎల్.డి.ఐ.ఎస్. అనీ, అది ప్రజల సొత్తు అనీ తెలిసి కూడా కాపీరైట్ దరఖాస్తులో చెప్పలేదు కనుక ఆ కాపీరైటే చెల్లదన్నారు. 1991 ఏప్రిల్‌లో ఆ ఉత్తర్వును ఆయనే వెనుకకు తీసుకున్నారు. కొద్ది నెలలకే బోర్లాండ్ అనే కంపెనీ ఆష్టన్-టేట్‌ను కొన్నది. పోటీ దెబ్బతినకూడదని అమెరికా న్యాయశాఖ పెట్టిన షరతు మేరకు ఆ దావా వదులుకోవలసి వచ్చింది. అలా ఆ భాష ఎవరి గుత్తసొత్తూ కాకుండా మిగిలింది. 1992లో మైక్రోసాఫ్ట్ వారు ఫాక్స్‌ను, కంప్యూటర్ అసోసియేట్స్ వారు నాంటకెట్‌ను కొనేశారు.

మన దేశానికి వస్తే, 1983లో బ్యాంకు ఉద్యోగ సంఘాలకు, యాజమాన్యాలకు మధ్య యంత్రాల వాడకంపై ఒప్పందం కుదిరింది. 1984 నవంబరులో కేంద్రం కంప్యూటర్ విధానాన్ని సడలించింది. ఉద్యోగాలు పోతాయన్న భయంతో మనలో ధర్నాలు చేసిన వారూ ఉన్నారు, ఆ తరువాత అదే కంప్యూటర్ ముందు కూర్చొని ఆరితేరిన వారూ ఉన్నారు. రెండూ ఒకే మనిషి అయిన సందర్భాలు కూడా లేకపోలేదు. 90లలో హైదరాబాదు అమీర్‌పేట నుండి జిల్లా కేంద్రాల దాకా శిక్షణ సంస్థల బోర్డుల మీద ఫాక్స్‌ప్రో పేరు లేకుండా ఉండేది కాదు.

పేర్ల విషయంలో మనవాళ్ళకు వచ్చిన తంటా ప్రత్యేకమైనది. గడి పొడవు ముందే నిర్ణయించాలి. ఇరవై అక్షరాలు ఇస్తే ఇంటిపేరుతో సహా మన పేర్లు పట్టవు. తోక తెగిన పేరే జాబితాలో, తరువాత ఉత్తర్వులలో అచ్చయ్యేది. వెంకటేశ్వర్లు అనే పేరును ఇంగ్లీషు లిపిలో ముగ్గురు మూడు విధాలుగా కొడితే సీక్‌కు ముగ్గురు మనుషులే. కుటుంబ పింఛను కోసం వచ్చిన ఇల్లాలికి, రికార్డులో భర్త పేరు సరిపోలేదని కొర్రీ పడిన సందర్భాలకు కొంతవరకు ఇదీ కారణమే. తెలుగులోనే ఎక్కించే ఉపాయం లేకపోలేదు. ఐ.ఐ.టి. కాన్పూరులో మొదలై పూనా సీ-డాక్ వారు అభివృద్ధి చేసిన జిస్ట్ కార్డును కంప్యూటర్‌లో బిగిస్తే, డీబేస్ వంటి డాస్ ప్రోగ్రాములలోనే తెలుగు కొట్టవచ్చు, చూడవచ్చు. 1991లో ప్రమాణమైన ఇస్కీ సంకేతాలలో హల్లుకు, గుణింతానికి, పొల్లుకు ఒక్కొక్క స్థానం. సూర్యనారాయణ అనే పేరుకు ఇంగ్లీషు లిపిలో 13 స్థానాలు కావాలి, ఇస్కీలో తెలుగుకు 11 చాలు. మన లిపి బరువైనదని, కంప్యూటర్‌కు సరిపడదని అనేవారికి ఈ లెక్క చెప్పి ఉండవలసింది. ఆ కార్డు అన్ని ఆఫీసులకు చేరి ఉంటే ఎన్ని కొర్రీలు తప్పేవో.

మరొక సంగతి. ఈ ఫైళ్ళలో "డిలీట్" అంటే రికార్డు పోదు. దాని ముందు ఒక నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. "రీకాల్" అంటే గుర్తు చెరిగి రికార్డు తిరిగి వస్తుంది. "ప్యాక్" అన్న తరువాతనే శాశ్వతంగా పోతుంది. ఒక ఆఫీసులో లైఫ్ సర్టిఫికెట్ రాని పింఛనుదారులకు నక్షత్రం పెట్టి, సర్టిఫికెట్ అందగానే రీకాల్ చేసేవారు. పద్ధతి బాగానే ఉన్నది. కాని ఒక ఏడు ఎవరో తొందరపడి మధ్యలో ప్యాక్ కొట్టారు. ఆలస్యంగా వచ్చిన పెద్దలు తాము బ్రతికే ఉన్నామని ఎదురుగా నిలబడి చెబుతున్నా వారి వివరాలు ఫైలులో లేవు. పాత ఫ్లాపీ కాపీ వెదికి ఎక్కించేదాకా రెండు నెలల పింఛను ఆగిపోయింది.

2000 సంవత్సరం గండం వచ్చినప్పుడు ఈ ఫైలు నిర్మాణమే మనలను చాలావరకు కాపాడింది. డీబేస్ త్రీ తేదీ గడి సంవత్సరాన్ని నాలుగంకెలతో, మొత్తం తేదీని ఎనిమిది స్థానాలలో దాస్తుంది. చిక్కు తెర దగ్గర మాత్రమే. రెండంకెలతో 01 అని కొడితే అది 1901 అనుకునేది. శతాబ్దం చూపమని "సెట్ సెంచురీ ఆన్" పెట్టి, కొట్టేవారికి నాలుగంకెలు అలవాటు చేస్తే చాలావరకు సరిపోయింది. తేదీని మామూలు అక్షరాల గడిలో ఆరంకెలుగా దాచుకున్న చోట్ల మాత్రం ప్రతి ఫైలునూ విప్పి దిద్దవలసి వచ్చింది.

ఫాక్స్‌ప్రో తరువాత విజువల్ ఫాక్స్‌ప్రోగా మారి, 2004లో తొమ్మిదవ వెర్షన్‌తో ఆగింది. ఇక క్రొత్త వెర్షన్ ఉండదని 2007లో ప్రకటించారు, 2015 జనవరితో మైక్రోసాఫ్ట్ మద్దతు కూడా ముగిసింది. కాని డి.బి.ఎఫ్. అనే ఆ ఫైలు రూపం చావలేదు. మొదట గడుల వివరం, తరువాత వరుసగా రికార్డులు, దాపరికం లేని సాదా నిర్మాణం. అందువలన ఎవరైనా చదవగలిగే ప్రోగ్రాము వ్రాయగలిగారు. ఈనాటి కంప్యూటర్ పటాలలో షేప్ ఫైల్ అనే రూపం ఒకటి ఉన్నది. అందులో ఊరి పేరు, జనాభా వంటి వివరాలు ఉండేది డి.బి.ఎఫ్. ఫైలులోనే.

కనుక మన సభ్యుల ఇళ్ళలో, పాత సర్వీసు వివరాలో సంఘం జాబితాలో ఉన్న ఫ్లాపీలు ఉంటే పారవేయవద్దని మనవి. చిన్న ఫ్లాపీలకు యు.ఎస్.బి. డ్రైవు దొరుకుతుంది. వెడల్పాటి పాత ఫ్లాపీలకు మాత్రం పనిచేసే పాత యంత్రం వెదకాలి. బూజు పట్టినదానిని తుడవకుండా డ్రైవులో పెట్టవద్దు, రెండూ పాడవుతాయి. ఫైలు బయటకు వచ్చిన తరువాత ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్‌తో తెరిస్తే పట్టికలాగా కనబడుతుంది. ఇస్కీలో కొట్టిన తెలుగు అయితే పిచ్చి గీతలుగా కనిపించవచ్చు, కంగారు పడనక్కరలేదు. దానిని యూనికోడ్‌లోకి మార్చే వీలున్నది. నక్షత్రం పడిన రికార్డులు కొన్ని ప్రోగ్రాములలో కనబడవు కనుక, పేరు లేదని నిర్ణయించుకునే ముందు ఆ సంగతి కూడా చూడండి.